క్లాసిక్ ఎడిటర్ వేసినా పాత పోస్టులు బ్లాకుల్లోనే తెరుచుకుంటుంటే

వర్డ్‌ప్రెస్‌లో పాత ఎడిటర్‌ను తిరిగి తెచ్చే క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్ వేశాక కూడా మీకు కొన్ని పోస్టులు బ్లాకుల్లోనే (అంటే కొత్త బ్లాక్ ఎడిటర్‌లోనే) వస్తున్నాయంటే, ఎడిటర్ మార్చుకునే అనుమతి ఆన్‌లో ఉండి ఉంటుంది. అలా ఉంటే ఏ పోస్టును చివరిసారి ఎందులో దిద్దారో, అది అందులోనే తెరుచుకుంటుంది. (2018లో వర్డ్‌ప్రెస్ 5.0తో ఈ బ్లాక్ ఎడిటర్‌ను అడగకుండా నెత్తిన పెట్టారు, మీ చిరాకు న్యాయమే.)

1. సెట్టింగ్స్‌లో రైటింగ్ తెరవండి.
2. డిఫాల్ట్ ఎడిటర్‌గా క్లాసిక్ పెట్టండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.
3. దాని కిందే ‘అలౌ యూజర్స్ టు స్విచ్ ఎడిటర్స్’ ఉంటుంది. అసలు కిటుకు ఇదే. ‘నో’ పెట్టండి.
4. సేవ్ చేయండి.

బ్లాకుల్లో సేవ్ అయిన పోస్టుల టెక్స్ట్ (లేదా కోడ్) ట్యాబ్‌లో డబ్ల్యూపీ (wp)తో మొదలయ్యే కోడ్ కామెంట్లు కనబడితే టెన్షన్ వద్దు. అవి పేజీ మీద చదివేవాళ్లకు కనిపించవు.