మెతక మనిషి కానిస్టేబుల్ అవ్వచ్చా? ఒక తండ్రి ప్రశ్నకు నా జవాబు

అనకాపల్లి దగ్గర ఊరి నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది, ఊరు పేరు, మనుషుల పేర్లు తీసేసి పెడుతున్నాను.

"అమ్మా, మా రెండోవాడికి డిగ్రీ అయిపోయింది. కానిస్టేబుల్ పరీక్షకి ప్రిపేర్ అవుతానని పట్టుబట్టి కూర్చున్నాడు. పరుగు బాగా తీస్తాడు, కబడ్డీ ఆడతాడు, ఒంట్లో దమ్ముంది. కానీ మనిషి మెతక. మొన్న నూకాలమ్మ జాతరలో ఒకడు తాగొచ్చి గొడవ చేస్తుంటే అందరూ స్తంభానికి కట్టేద్దామన్నారు. మావాడు అడ్డుపడి, వాణ్ణి పక్కకి తీసుకెళ్ళి మజ్జిగ తాగించి గంటసేపు పక్కనే కూర్చున్నాడు. ఇలాంటివాడు రేపు దొంగని ఎలా పట్టుకుంటాడు? ఇంకో పక్క వాళ్ళమ్మ ఆ విశాఖ డాక్టర్ గారి వీడియో గుర్తుచేసుకుని వద్దంటే వద్దంటోంది. ఎవణ్ణో పట్టుకోబోయి వాడికి ఏదైనా అయితే కేసు మావాడి మీదికి వస్తుందా? పైవాళ్ళు చెప్పారు, చేశాను అంటే సరిపోదా? పంపమంటారా, మాన్పించమంటారా?"

అన్నగారూ, ముందు కేసు సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే మీకు రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వనిది అదే అని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. వస్తుంది. పైవాళ్ళు చెప్పారంటే సరిపోదు. పోలీసు పాటించాల్సింది చట్టబద్ధమైన ఆదేశాన్ని, 1861 నాటి పోలీసు చట్టంలోనే ఆ మాట ఉంది. చట్టం ఒప్పుకోని పని ఎస్ఐ గారు చేయమన్నా సీఐ గారు చేయమన్నా, చేసిన చెయ్యి ఎవరిదో వాళ్ళు జవాబు చెప్పుకోవాలి. వదినగారు గుర్తుచేసుకుంటున్న వీడియో నేనూ చూశాను. 2020 మేలో విశాఖలో నడిరోడ్డు మీద, చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి కట్టి ఒక డాక్టర్ గారిని లాక్కెళ్ళారు. ఆయన మద్యం మత్తులో గొడవ చేశారని పోలీసులు అన్నారు. కాసేపు అదే నిజమనుకుందాం, అయినా ఆయన్ని ఆటోలో పడేసిన తీరు చూసి రాష్ట్రమంతా ఉలిక్కిపడింది, హైకోర్టు సీబీఐ విచారణకి ఆదేశించింది. పోలీసుల్లో మొట్టమొదట సస్పెండ్ అయింది ఎవరో తెలుసా? ఒక కానిస్టేబుల్. వదినగారి భయం ఊరికే వచ్చింది కాదు, దాన్ని ఆడవాళ్ళ బెంగ అని తీసిపారేయకండి.

ఇంకో సంగతి చెప్తాను, ఇది మన దేశంలో జరిగింది కాదు గానీ పోలీసు ఉద్యోగం అనుకునే ప్రతి పిల్లవాడికీ నేను చెప్పేది ఇదే. 2020 మే 25న అమెరికాలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే మనిషి మెడ మీద ఒక పోలీసు మోకాలు పెట్టి 9 నిమిషాల 29 సెకన్లు తీయలేదు, మనిషి చచ్చిపోయాడు. ఆ పోలీసుకి 22న్నర ఏళ్ళ జైలు పడింది, అది అందరికీ తెలుసు. అక్కడే కాళ్ళు పట్టుకుని ఉన్న కుర్రాడి గురించి మాత్రం ఎక్కువమందికి తెలీదు. పేరు థామస్ లేన్. పూర్తిస్థాయి ఆఫీసరుగా డ్యూటీ ఎక్కి అది నాలుగో రోజు. "పక్కకి తిప్పుదామా?" అని రెండుసార్లు అడిగాడు. మోకాలు పెట్టిన మనిషి పందొమ్మిదేళ్ళ సర్వీసున్న సీనియర్, వద్దన్నాడు. అంతే, కుర్రాడు ఊరుకున్నాడు. పక్కనున్న ఇంకో కొత్త కుర్రాడు నాడి చూసి దొరకట్లేదన్నాడు, అయినా ఎవరూ లేవలేదు. తర్వాత అంబులెన్సు వస్తే ఈ లేన్ అందులో ఎక్కి గుండె మీద నొక్కుతూ బతికించాలని చూశాడు కూడా. కోర్టు అదంతా విన్నది. విని, కస్టడీలో ఉన్న మనిషికి వైద్యం అందకుండా ఊరుకున్నందుకు అతనికి రెండున్నర ఏళ్ళు జైలు వేసింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా పిల్లలు "మేడమ్, రెండుసార్లు అడిగాడు కదా" అంటారు. అడిగాడు. మూడోసారి అడక్కుండా చేత్తో తిప్పేయాల్సింది. మీ అబ్బాయి గురించి నాకున్న అసలు ప్రశ్న ఇదే అన్నగారూ. దొంగని పట్టుకోగలడా అన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు, అది ట్రైనింగ్‌లో నేర్పుతారు. సీనియర్ ఎదురుగా నోరు విప్పగలడా, విప్పి ఆగిపోకుండా చెయ్యి కదపగలడా? జాతరలో ఊరంతా ఒకవైపు ఉంటే అడ్డుపడ్డాడని మీరే రాశారు. దాన్ని మీరు మెతకతనం అంటున్నారు, నాకైతే ఆ పిల్లవాడిలో గట్టితనం కనిపించింది.

కబడ్డీ ఆడతాడన్నారు కాబట్టి వాడికి అర్థమయ్యే భాషలో చెప్పండి. రైడర్ కాలు దొరికింది, నలుగురు మీద పడ్డారు, లైను దాకా వెళ్ళనివ్వకుండా అదిమి పట్టారు. రిఫరీ విజిల్ వేశాడు. ఆ క్షణంలో ఏం చేస్తారు? లేస్తారు. కింద ఉన్నవాడికి చెయ్యందించి లేపుతారు. విజిల్ తర్వాత కూడా అదిమి పట్టేవాణ్ణి ఏ టీమూ ఉంచుకోదు. పోలీసు పనిలో బేడీ బిగిసిన టక్కుమనే శబ్దమే ఆ విజిల్. అక్కడిదాకా వాడు నీ ప్రత్యర్థి, ఆ శబ్దం తర్వాత వాడి ప్రాణం నీ పూచీ.

ఇందులో ప్రాణం ఎలా పోతుందో కూడా వాడు తెలుసుకోవాలి, ఎందుకంటే పోగొట్టేవాళ్ళలో చాలామంది చంపాలని చేయరు. మనిషిని బోర్లా పడుకోబెట్టి, చేతులు వెనక్కి కట్టి, వీపు మీద ఒకరో ఇద్దరో బరువు పెడితే పక్కటెముకలు విచ్చుకోవు, పొట్ట నేలకి నొక్కుకుపోయి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరం కిందికి దిగదు. అప్పటిదాకా పెనుగులాడి ఉన్నాడు కాబట్టి మామూలు కంటే ఎక్కువ గాలి కావాలి, వచ్చేది తక్కువ. అప్పుడు వాడు కొట్టుకుంటాడు. పైనున్న పోలీసుకి అది ఎదిరించడంలా కనిపిస్తుంది, ఇంకా గట్టిగా నొక్కుతాడు. కాసేపటికి కొట్టుకోవడం ఆగుతుంది, 'హమ్మయ్య, లొంగాడు' అనుకుంటారు. "మాట్లాడుతున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే కదా" అనే మాట కూడా చాలా స్టేషన్లలో వినపడుతుంది, అది తప్పు, నాలుగు మాటలకి సరిపడే గాలి బతకడానికి సరిపోదు. లావుగా ఉన్నవాళ్ళు, తాగినవాళ్ళు, మతిస్థిమితం తప్పి ఊగిపోతున్నవాళ్ళు, ఆయాసం, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఇంకా త్వరగా పోతారు. అమెరికా న్యాయశాఖ 1995లోనే ఒక బులెటిన్ ఇచ్చింది, బేడీలు పడగానే బోర్లా ఉన్న మనిషిని తిప్పేయండి అని. అది వచ్చిన పాతికేళ్ళకి మినియాపొలిస్ జరిగింది. అందుకే కాగితం మీద రూల్ ఉంటే చాలదని నేను మొత్తుకునేది.

నేను ఫస్ట్ ఎయిడ్ క్లాసులో ఈ పక్కకి తిప్పడం నేర్చుకున్నాను. జంపఖానా మీద ఒకమ్మాయి స్పృహ లేనట్టు వెల్లకిలా పడుకుంది. దగ్గరి చెయ్యి పక్కకి చాపి, అవతలి చెయ్యి తెచ్చి చెంప కింద పెట్టి, అవతలి మోకాలు మడిచి, ఆ మోకాలు పట్టుకుని నా వైపు లాగితే మనిషి మొత్తం చులాగ్గా తిరిగిపోయింది. తర్వాత గడ్డం కాస్త పైకెత్తి నోరు కిందివైపు ఉండేలా చూశాం, వాంతి అయినా గొంతులోకి పోకుండా. మొత్తం పది సెకన్లు పట్టలేదు. బేడీలతో ఉన్నవాడికి చేతులు ఇలా పెట్టలేం గానీ భుజం, తుంటి పట్టుకుని పక్కకి తిప్పడమో, లేపి కూర్చోబెట్టడమో ఎవరైనా చేయగలరు. ఆ తర్వాత ఒక మనిషి వాడి మొహం చూస్తూ ఉండాలి. పెదాలు నీలంగా మారుతున్నాయా, మాటకి పలుకుతున్నాడా అని చూడటమే ఆ మనిషి డ్యూటీ, ఫోన్ మాట్లాడుకోవడం కాదు.

తాగినవాళ్ళ విషయం ఇంకొంచెం చెప్పాలి, మన దగ్గర రాత్రి డ్యూటీలో సగం గొడవ అదే కాబట్టి. తూలుతున్నాడు, మాట తడబడుతోంది, కొడతానంటున్నాడు, సరే తాగేశాడు, లాకప్‌లో పడేస్తే పొద్దున్నకి దిగుతుంది అనుకుంటారు. షుగర్ పడిపోయినవాడు కూడా అచ్చం అలాగే ఉంటాడు. బండి మీంచి పడి తలకి లోపల దెబ్బ తగిలినవాడూ అంతే. వాసన వస్తోందని నిర్ణయం తీసుకుంటే, తాగినవాడికే తలకి దెబ్బ తగిలి ఉండొచ్చు కదా. అనుమానం వస్తే 108కి ఫోన్ చేయడమే, లాకప్ తాళం కాదు.

ఇక మన చట్టం ఏమంటుందో వాడి చేత చదివించండి, పరీక్షకీ పనికొస్తుంది. 2024 జులై 1 నుంచి అరెస్టు, విచారణ ఎలా జరగాలో చెప్పే పాత సీఆర్పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత నడుస్తోంది. దాని 43వ సెక్షన్ ప్రకారం మనిషి మాటతోనో చేష్టతోనో లొంగిపోతే అరెస్టు కోసం వాణ్ణి ముట్టుకోవాల్సిన పని కూడా లేదు. ఎదురు తిరిగితే అవసరమైనంత బలం వాడొచ్చు, బేడీలు ఏ రకం నేరాలకి వేయొచ్చో అందులోనే ఉంది. 46లో పారిపోకుండా ఆపడానికి ఎంత కట్టడి కావాలో అంతకు మించి చేయకూడదని ఉంది. 56 చిన్న సెక్షన్, ఒకే వాక్యం, నిందితుడు ఎవరి కస్టడీలో ఉంటే వాళ్ళు అతని ఆరోగ్యం, భద్రత గురించి తగిన జాగ్రత్త తీసుకోవడం వాళ్ళ విధి. వాడు దొంగా, మంచివాడా అనే షరతు ఆ వాక్యంలో లేదు. అలాగే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ చూడమనండి. మతిస్థిమితం లేక రోడ్డున తిరుగుతున్న మనిషిని పోలీసు రక్షణలోకి తీసుకుంటే లాకప్‌లో పెట్టకూడదు, వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకుండా దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి.

అరెస్టు మెమో, సాక్షి సంతకం, ఇంట్లోవాళ్ళకి కబురు, 48 గంటలకోసారి డాక్టరు పరీక్ష, ఇవన్నీ 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు డీకే బసు కేసులో చెప్పింది. ఒంటి మీద అప్పటికే ఉన్న గాయాలు రాసి, ఇద్దరూ సంతకం చేసే కాగితం కూడా అందులోదే. కొత్త కానిస్టేబుళ్ళు దీన్ని గుమాస్తా పని అనుకుంటారు. రేపు ఎవరైనా ఈ దెబ్బ నువ్వే కొట్టావంటే మీవాణ్ణి కాపాడేది ఆ కాగితమే. ఇంకో కేసు ఉంది, వదినగారికి చెప్పండి. ఒడిశాలో నీలబతి బెహరా అనే తల్లి, పోలీసులు తీసుకెళ్ళిన 22 ఏళ్ళ కొడుకు మర్నాడు రైలు పట్టాల మీద శవమై దొరికితే సుప్రీంకోర్టుకి ఒక ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే కేసుగా తీసుకుని 1993లో ప్రభుత్వం చేత ఆమెకి లక్షన్నర పరిహారం ఇప్పించింది. డబ్బుతో కొడుకు రాడు. కానీ కస్టడీలో పోయిన ప్రాణానికి ప్రభుత్వమే పూచీ అని గట్టిగా తేలింది ఆ తల్లి ఉత్తరం వల్ల. వదినగారి లాంటి తల్లే ఆవిడ కూడా.

పంపాలా మాన్పించాలా అన్నారు. పంపండి. కానీ ఈ ఏడాదిలో 1600 మీటర్ల పరుగుతో పాటు ఇంకో రెండు పనులు చేయించండి. రెడ్ క్రాస్ వాళ్ళదో, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్ళదో ఫస్ట్ ఎయిడ్ శిక్షణ తీసుకోమనండి, ఖర్చు పెద్దగా ఉండదు, మీ ఫిజికల్ కోచింగ్ ఫీజు ముందు అదెంత. రెండోది, మీ ఊళ్ళోనో బంధువుల్లోనో రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ఎవరైనా ఉంటే మీవాణ్ణి ఆయన దగ్గరికి తీసుకెళ్ళి రెండు గంటలు కూర్చోబెట్టండి. ఎంతమందిని పట్టుకున్నారు అని అడగొద్దనండి, చెయ్యి వేయకుండా ఎంతమందిని స్టేషన్‌కి తీసుకొచ్చారో అడగమనండి. అనుభవం ఉన్న హెడ్ కానిస్టేబుళ్ళ దగ్గర ఆ విద్య ఉంటుంది, "ఏరా తమ్ముడూ, తిన్నావా?" అని మొదలుపెట్టి జీపెక్కించేస్తారు. ట్రైనింగ్‌లో లాఠీ డ్రిల్ నేర్పినంత ఓపిగ్గా దీన్ని నేర్పితే ఎంత బాగుండునో.

స్టేషన్లలో పనిచేసే సివిలా, స్పెషల్ పోలీస్ బెటాలియన్లయిన ఏపీఎస్పీనా అన్న ప్రశ్న తర్వాత ఎలాగూ వస్తుంది. బెటాలియన్‌లో రోజూ మనుషుల్ని అరెస్టు చేసే పని ఉండదు కాబట్టి భయంతో అటు పంపేద్దాం అనుకోకండి. ఈ పిల్లవాడు పనికొచ్చేది సివిల్‌లోనే అని నాకనిపిస్తోంది.

ఒక్క అనుమానం మాత్రం నాకుంది. జాతరలో తాగినవాడి ముందు నిలబడ్డాడు, సరే. ఇంట్లో మీ మాటకి ఎప్పుడైనా ఎదురు చెప్పాడా? గౌరవంగానే, కానీ గట్టిగా, "నాన్నా ఇది తప్పు" అని? ఆ సంగతి ఉత్తరంలో లేదు, అది వాడి నోటే వినాలి. వచ్చే ఆదివారం సాయంత్రం ఫోన్ చేయించండి, స్పీకర్‌లో పెట్టి వదినగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.