బల్లకట్టుకు చక్రాలు

చిరంజీవి అమ్మడుకు,

అత్తయ్య దీవించి రాయునది.

మీ నాన్న నిన్న ఫోను చేసి, నువ్వు ముందుగదిలో సామాను తీయించి, వీధిలోని చిన్నపిల్లలు సాయంత్రం పూట బొమ్మలు చేసుకునే చోటుగా మారుస్తున్నావని చెప్పాడు. ఆ గది గోడ నిండా బొగ్గుతో గీసే కదా నాలుగేళ్లప్పుడు మీ అమ్మ చేత దెబ్బలు తిన్నావు! సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. భయంతో కూడా. తెల్లవారగానే కాగితం తీశాను.

చాపలు పరుచు, చేతులు కడుక్కోవడానికి తొట్టి పెట్టు, పాత చొక్కాలు వేసుకుని రమ్మను. ఇవి నీకు తెలియనివి కావు.

గురివింద గింజలు మాత్రం ఇంట్లోకి రానివ్వకు. ఎర్రగా మెరుస్తాయి కనుక పిల్లల కళ్లు వాటిమీదే పడతాయి. కొరికి నమిలితే లోపలి విషం ప్రాణం తీస్తుంది. ఆముదం గింజలు, పచ్చగన్నేరు కాయలు కూడా అంతే. మూడేళ్ల లోపు పిల్లలు వచ్చిన రోజున చింతపిక్కలు, పూసలు కూడా ఎత్తి పెట్టెయ్యి, గొంతుకు అడ్డం పడతాయి. పాత తలుపు చెక్కలు తేకు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమలులోకి రాలేదు. అంతకుముందు వేసిన రంగు పెచ్చులుగా లేస్తుంటే పిల్లల చేతికి ఎలా ఇస్తాం? చాదస్తం అనుకున్నా సరే, ఈ పేరా రెండుసార్లు చదువు.

కొనవలసింది తక్కువే. చెరువు బంకమన్ను ఎండబెట్టి, దంచి, జల్లించి, నానబెట్టి, తడిగుడ్డ కప్పి ఉంచు. మన్ను దొరకకపోతే రెండు గ్లాసుల మైదాలో గ్లాసు ఉప్పు, చెంచా నూనె వేసి నీళ్లతో ముద్ద చెయ్యి. పసుపో బీట్‌రూట్ రసమో కలిపితే రంగు వస్తుంది. ఉప్పు ఎక్కువ కనుక తిననివ్వకు. బొమ్మ ముందే గీసి ఉన్న రంగుల పుస్తకాలు వద్దు. బాతు గీసిన కాగితంలో పిల్లవాడు చేయగలిగింది గీత దాటకుండా ఉండటం ఒక్కటే. మట్టిముద్ద ఇస్తే కాసేపు రొట్టె అవుతుంది, కాసేపు ఎద్దు అవుతుంది, కాసేపు ఊరికే ముద్దగా ఉంటుంది.

అన్నిటికంటే నాకు భయం నీ చేతులంటే. నీకు పనితనం ఎక్కువ. వంకరగా ఉన్నది చూస్తే సరిచేయకుండా ఉండలేవు. అది నా దగ్గర నుంచి వచ్చిన గుణమే.

నేను కృష్ణ ఒడ్డున పల్నాటి ఊళ్లో అంగన్‌వాడీలో పనిచేసిన రోజులు నీకు చెప్పాను కదా, ఇది మాత్రం చెప్పలేదు. మర్నాడు తల్లుల సమావేశం. పిల్లలు చేసినవన్నీ బల్లమీద పేర్చాను. నాలుగేళ్ల పిల్ల ఒకతె జొన్న బెండ్లు ఎనిమిది పక్కపక్కన పేర్చి, దారంతో చుట్టి, మీద మూడు చింతపిక్కలు పెట్టింది. చక్రాలు లేని బస్సు అనుకున్నాను. అందరూ చూస్తారు, పాపం, సగంలో వదిలేసింది అనుకుని రాత్రి లాంతరు పెట్టుకుని నాలుగు సోడా మూతలు తుమ్మజిగురుతో అంటించాను. ఎంత ముచ్చటపడ్డానో!

పొద్దున ఆ పిల్ల వచ్చి బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగింది. "నాది ఏది టీచర్?" అంది. చూపించాను. చాలాసేపు మూతల వంకే చూసి, "చక్రాలతో నీళ్లలో ఎలా పోతుంది?" అని అడిగింది. వాళ్ల నాన్న జనాన్ని ఏరు దాటించే బల్లకట్టు మీద పనిచేసేవాడు.

ఆ పిల్ల ముందే మూతలు పీకాను. జిగురు ఆరిపోయి ఉందేమో, మూతలతోపాటు తెల్లటి బెండు కూడా ఊడివచ్చి నాలుగు గుంటలు పడ్డాయి. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఆ తర్వాత ఏది చేతికిచ్చినా నాకే తిరిగి ఇచ్చి, "మీరే చెయ్యండి" అనేది. రెండు నెలలకు మట్టి ముట్టింది కానీ, ఒకటో తరగతికి వెళ్లేదాకా జొన్న బెండు జోలికి రాలేదు. 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం అని చిన్నపిల్లల బడి పెట్టిన గిజుభాయి బధేకా గురించి శిక్షణలో చెబితే, పిల్లవాడి పని పిల్లవాడినే చేయనివ్వాలని పుస్తకంలో రాసుకున్నాను. రాసుకుని కూడా ఆ పని చేశాను.

అందుకే చెబుతున్నాను, వాళ్లు పిలవనిదే చెయ్యి పెట్టకు. పక్కన కూర్చుని నీ ముద్ద నువ్వు పిసుక్కో, కానీ బొమ్మ చెయ్యకు. చేస్తే అందరూ అదే చేస్తారు. "ఇదేమిటి, కుక్కా?" అనకు, "దీని గురించి చెప్పు" అను. కొన్ని రోజులు ఇంటికి తీసుకెళ్లడానికి ఏమీ ఉండదు. తల్లులు అడుగుతారు. ఫీజు తీసుకుంటున్నావు కనుక నీ చేతులు ఊరుకోవు. ఆ రోజున నాకు ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

జొన్న బెండ్లు ఎండబెట్టి ఉంచాను, మీ నాన్న చేత పంపిస్తాను. పై బెరడు చేతులు కోస్తుందని నేనే ఒలిచాను. నువ్వు ముంజెకాయలతో చేసుకున్న బండి ఇరుసు పుల్ల ఇంకా అటక మీదే ఉంది. అది పంపను, వచ్చినప్పుడు చూపిస్తాను.

నీ అత్తయ్య