ఉద్యోగం చేసుకుంటూ సినిమా పాటలు రాయొచ్చా? సిరివెన్నెల గారి దారి చూసి నాకు తెలిసింది

‘నాకు ముప్పై దాటాయి, ఉద్యోగం ఉంది, ఇప్పుడు పాటల రచయితనవడం కుదురుతుందా?’ అని అడిగారు. కుదురుతుంది. సిరివెన్నెల సీతారామశాస్త్రి గారిని చూడండి. 1955లో పుట్టారు. టెలిఫోన్స్‌లో ఉద్యోగం చేస్తూ ‘భరణి’ పేరుతో కవితలు రాసేవారు. ఆయన రాసిన గంగావతరణం పాట కె. విశ్వనాథ్ గారికి నచ్చి ‘జననీ జన్మభూమి’లో వాడుకున్నారు. తర్వాత 1986లో ‘సిరివెన్నెల’ సినిమాకి పాటలన్నీ ఆయన చేతే రాయించారు. అప్పటికి శాస్త్రిగారికీ ముప్పై దాటాయి. ఆ సినిమా పేరే ఇంటిపేరైపోయింది. వరసగా మూడేళ్లు నంది అవార్డు, మొత్తం మీద 11 నందులు, 2019లో పద్మశ్రీ.

అవార్డుల సంగతి అలా ఉంచండి. రాయడం మొదలుపెట్టాక మీకు ఎదురయ్యే కష్టం వేరే ఉంది.

నేను బ్యాంకులో పనిచేస్తూ షార్ట్ ఫిల్ములకి ఏడెనిమిది పాటలు రాశాను. ఇప్పుడు దాదాపు అందరూ ముందు ట్యూనే ఇస్తారు. సంగీత దర్శకుడు ‘తననన’ అని పాడి ఫోన్‌కి పంపిస్తాడు, మనం అందులో మాటలు కూర్చోబెట్టాలి. ఒకసారి, కూతుర్ని హాస్టల్లో దింపి ఇంటికొచ్చిన తల్లి పాట. నేను ‘హృదయమంతా శూన్యమాయె’ అని మొదలుపెట్టాను. రాసినప్పుడు చాలా గొప్పగా అనిపించింది. ఆయన విని, "‘శూ’ దగ్గర ట్యూన్ పొట్టిగా ఉందండీ, దీర్ఘం పట్టదు" అన్నారు. సరే, అది దిద్దుకోవచ్చు. ఆ తర్వాత అడిగారు: "ఆ అమ్మ ఇలా మాట్లాడుతుందా?" దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి ‘శుభలగ్నం’లోని ‘చిలకా ఏ తోడు లేక’ పదిసార్లు విన్నాను. కోటి రూపాయలకి భర్తని ఇంకొకరికి ఇచ్చేసి ఒంటరిగా మిగిలిన ఇల్లాలి పాట అది. తిట్టిపోయడానికి ఎంత చోటుందో చూడండి. శాస్త్రిగారు మాత్రం ఆమెని చిలకా అని పిలిచి, ఒంటరిగా ఎటు నడుస్తున్నావమ్మా అని అడుగుతారు. ఆ ఒక్క పిలుపుతో నాకు ఆవిడ మీద కోపం పోయి జాలి పుట్టింది. అర్థం కోసం నిఘంటువు తీయాల్సిన మాట అందులో ఒక్కటీ లేదు. ‘సిరివెన్నెల’లో ‘విధాత తలపున’ రాసిన చెయ్యే ఇదీ రాసింది! ఆ పాటలో సృష్టి తొలి నాదం గురించి చెప్పాలి కాబట్టి సంస్కృతం అంత నిండుగా వచ్చింది, ఇక్కడ ఇల్లాలి బతుకు కాబట్టి ఇంట్లో మాటలే వచ్చాయి. ఆయన భాష కష్టమని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. సందర్భం ఏ భాష అడిగితే ఆయన ఆ భాషే ఇచ్చారు.

మర్నాడు పొద్దున్న ఆ తల్లి వంటింట్లో ఏం చేస్తుందని ఆలోచిస్తూ కూర్చున్నాను. అలవాటు కొద్దీ రెండు కంచాలు తీస్తుంది కదా అనిపించింది. ‘రెండో కంచం ఎందుకు తీశా’ అని రాసి పంపాను. అటునుంచి అయిదు నిమిషాలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత సంగీత దర్శకుడు ఆ మాటలతోనే పల్లవి పాడి పంపారు.

కాబట్టి ఉద్యోగం మానకండి, దానివల్ల పాటకొచ్చే నష్టమేమీ లేదు. రోజూ ఏదో ఒక పాత పాట ట్యూన్ తీసుకుని, అందులో మాటలు పక్కన పెట్టి, మీకు తెలిసిన ఒక మనిషి కష్టాన్ని ఆ ట్యూన్‌లో రాయండి. రాశాక చదువుకోవద్దు, పాడుకోండి. ఎక్కడ ఊపిరి ఆగిందో అక్కడ మాట మార్చండి. శాస్త్రిగారు సుమారు 3,000 పాటలు రాశారు. 2021 నవంబర్ 30న ఆయన పోయాక, డిసెంబర్‌లో వచ్చిన ‘శ్యామ్ సింగరాయ్’లో కూడా ఆయన పాట ఉంది. మీ మొదటి పల్లవి కుదిరితే ఇక్కడే కింద పెట్టండి, తప్పకుండా పాడుకుని చూసి చెప్తాను.