రోజూ ఆఫీసుకీ, అప్పుడప్పుడు ట్రాక్‌కీ వెళ్ళే స్విఫ్ట్‌కి వీల్ అలైన్‌మెంట్ ఎంత పెట్టించాలి?

మీరడిగింది ఇదీ కదా, హైదరాబాద్‌లో రోజూ తిప్పే స్విఫ్ట్‌నే ఏడాదికి రెండు మూడుసార్లు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి తీసుకెళ్తారు, ఒకటే సెట్టింగ్ పెట్టించుకుంటే సరిపోతుందా లేక వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి మార్పించాలా అని. ఒకటే చాలండి. నాదీ పాత స్విఫ్టే, 185/65 ఆర్15 టైర్లు, నేనూ అదే దారిలో అదే ట్రాక్‌కి వెళ్తాను కాబట్టి చెప్తున్నా: కేంబర్, అంటే ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలి ఉండే కోణం, ట్రాక్‌ని చూసి పెట్టించండి; టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం, అది మాత్రం రోడ్డుని చూసి పెట్టించండి. నేను మొదటిసారి సరిగ్గా దీనికి తిరగేసి చేసి రెండు ముందు టైర్లు పాడుచేసుకున్నాను.

అప్పుడు ఏమైందంటే, నెగటివ్ కేంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలేలా) పెడితే టైరు లోపలి వైపు తినేస్తుందని అందరూ చెప్తుంటే భయపడి కేంబర్ కంపెనీ నుంచి వచ్చినట్టే వదిలేశా, దానికి బదులు మలుపులో బండి చటుక్కున తిరుగుతుందని చదివి మొత్తం 2 మిల్లీమీటర్ల టో-అవుట్ (ముందు అంచులు బయటికి తిరిగి ఉండేలా) పెట్టించా. నార్కట్‌పల్లి దాటి అద్దంకి రోడ్డెక్కగానే తేడా తెలిసిపోయింది, లారీలు తొక్కి తొక్కి గాడి పడ్డ చోటల్లా స్టీరింగ్ అటూ ఇటూ లాగుతుంది, ఒంగోలు చేరేసరికే చేతులు నొప్పి. ట్రాక్ మీద మొదటి మలుపుకి ముక్కు బాగా తిరిగిన మాట నిజమే, కానీ మలుపు మధ్యలో మళ్ళీ బయటికే జారిపోయేది, సాయంత్రానికి ముందు ఎడమ టైరు బయటి అంచు రబ్బరు ముద్దలు ముద్దలుగా లేచిపోయింది. ఇరుంగట్టుకోట్టై ట్రాక్ సుమారు 3.7 కిలోమీటర్లు, గడియారం ముళ్ళు తిరిగే వైపే తిరుగుతాం, కాబట్టి కుడి మలుపులే ఎక్కువ, బరువంతా ఎడమ టైర్ల మీద పడుతుంది.

ఇంటికొచ్చాక ఒకరోజు టైరు మీద చెయ్యి పెట్టి చూశా. బయటి నుంచి లోపలికి జరిపితే ఒకలా, లోపలి నుంచి బయటికి జరిపితే ఇంకోలా, ఒక వైపు నున్నగా ఉంది, రెండో వైపు రంపం పళ్ళలా వేలికి గుచ్చుకుంటోంది. అది టో చేసిన పని, కేంబర్ కాదు. కేంబర్ వల్ల అరిగితే లోపలి అంచు ఒక పక్కకి వాలుగా, నున్నగా అరుగుతుంది, అదీ నెమ్మదిగా. రంపం పళ్ళు కనిపించాయంటే ముందు టోనే అనుమానించండి.

లెక్క వేసుకుంటే మీకే అర్థమవుతుంది. 15 అంగుళాల రిమ్ దగ్గర కొలిచే 2 మిల్లీమీటర్లంటే మొత్తం 0.3 డిగ్రీలు, ఒక్కో చక్రానికి 0.15. అంటే ప్రతి కిలోమీటరుకీ టైరు సుమారు 2.6 మీటర్లు పక్కకి ఈడ్చుకుంటూ పోతున్నట్టు. హైదరాబాద్ నుంచి ట్రాక్‌కి దాదాపు 630 కిలోమీటర్లు, పోను రాను కలిపితే మూడు కిలోమీటర్ల పైనే రబ్బరుని తారు మీద అడ్డంగా రాసినట్టు! ట్రాక్‌లో మనం తిరిగేది మహా అయితే వంద కిలోమీటర్లు, దాని కోసం ఇంత నష్టం ఎందుకు చెప్పండి.

ఇక కేంబర్ ఎందుకు కావాలంటే, మలుపులో బండి ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా బాడీతో పాటు బయటికి వాలుతుంది, స్విఫ్ట్ ముందు వైపు ఉండే మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన సస్పెన్షన్) ఆ వాలుని సరిదిద్దుకునేది చాలా తక్కువ. అందుకే నిలబడి ఉన్నప్పుడే చక్రం పైభాగాన్ని కొంచెం లోపలికి వంచి పెట్టుకోవాలి, అప్పుడే మలుపులో టైరు మొత్తం నేలకి ఆనుతుంది. నా ప్రింటవుట్‌లో కంపెనీ కేంబర్ రెండు పక్కలా మైనస్ 0.3 డిగ్రీల దగ్గర్లో ఉండేది. స్ట్రట్‌ని నకిల్‌కి, అంటే చక్రాన్ని పట్టి ఉంచే భాగానికి, బిగించే రెండు బోల్టుల్లో ఒకదాని స్థానంలో కేంబర్ మార్చుకోడానికి వీలుండే కేంబర్ బోల్ట్ వేయించా, ఏ రంధ్రంలో వెయ్యాలో కిట్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది. ఇప్పుడు ఎడమ మైనస్ 1.8, కుడి మైనస్ 1.7, టో మొత్తం సున్నా. రెండు పక్కల మధ్య 0.2 కంటే తేడా రానివ్వకండి, బండి ఒక వైపుకి లాగుతుంది. పూర్తి ట్రాక్ బండైతే మైనస్ 2.5, 3 కూడా పెడతారు కానీ రోజూ తిరిగే బండికి అంత వద్దు, వానలో బ్రేక్ కొట్టినప్పుడు టైరు నేలకి సరిగా ఆనదు. స్ప్రింగులు కోయించి బండిని దింపితే కేంబర్ దానంతటదే వస్తుందని ఎవరైనా చెప్తే మాత్రం అస్సలు వినకండి, ఒక స్థాయి దాటి దింపితే కింది ఆర్మ్ పైకి వాలిపోయి మలుపులో ఉన్న కేంబర్ కూడా పోతుంది, పైగా మన స్పీడ్ బ్రేకర్లకి అడుగు తగులుతుంది.

వెనక టోర్షన్ బీమ్, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకే దూలం, కాబట్టి మార్చేదేం లేదు, కానీ కొలతలు తప్పకుండా తీయించండి. వెనక ఎడమ కుడి టోల మధ్య బాగా తేడా ఉంటే బీమ్ వంగిందేమో చూడాలి.

అలైన్‌మెంట్ సెంటర్‌లో మాత్రం పక్కనే నిలబడండి, ఇది గట్టిగా చెప్తున్నా. ఒక చోట నేను మైనస్ ఒకటిన్నర అడిగితే స్క్రీన్ మీద 1.30 చూపించి అయిపోయిందన్నారు, నేను సరిపోలేదని వాదించా, తీరా చూస్తే ఆ మెషిన్ డిగ్రీలు, నిమిషాల్లో చూపిస్తోంది, 30 నిమిషాలంటే అర డిగ్రీ, వాళ్ళది కరెక్టే. ఇంకో చోట మెషిన్ దశాంశాల్లో ఉంది, అక్కడ 1.30 అంటే నిజంగానే 1.30. కాబట్టి ముందు ఏ లెక్కలో చూపిస్తుందో అడిగి తెలుసుకోండి. గాలి సరిచూడకుండా, టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, బుష్‌లు ఊపి చూడకుండా కొలతలు మొదలుపెట్టనివ్వకండి, ఊగే బుష్ మీద పెట్టిన అంకె గేటు దాటేలోపే మారిపోతుంది. డ్రైవర్ సీట్లో మీ బరువున్న మనిషిని కూర్చోబెట్టండి. కేంబర్ ముందు, టో చివర, ఎందుకంటే కేంబర్ కదిపితే టో దానంతటదే మారుతుంది, ఇది కొందరు మర్చిపోయి టో సెట్ చేశాక కేంబర్ ముట్టుకుంటారు.

ట్రాక్‌లో ఇంకొంచెం కేంబర్ కావాలా వద్దా అన్నది సుద్దముక్కతో తెలుసుకోవచ్చు. టైరు అంచు నుంచి సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీదకి ఒక గీత గీయండి, అంచు దగ్గర చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది కదా, నాలుగైదు ల్యాపులయ్యాక సుద్ద ఆ గుర్తు కిందికి కూడా చెరిగిపోతే టైరు పక్కకి ఒరుగుతోందని. అప్పుడు కూడా ముందు గాలి చూడండి, నాకు చల్లగా 32 పీఎస్‌ఐ ఉన్నది వేడెక్కాక 38 దాటుతుంది. గాలి సరిచేశాక కూడా బయటి అంచే కాలుతుంటే అప్పుడు కేంబర్ సంగతి ఆలోచించండి.

కేంబర్ బోల్ట్ బిగించాక బోల్ట్ తల మీద నుంచి స్ట్రట్ మీదకి తెల్ల పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీసుకోండి. పెద్ద గుంతలో పడ్డప్పుడల్లా చక్రం విప్పక్కర్లేదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి టార్చ్ వేస్తే గీత కలిసుందో లేదో కనిపిస్తుంది. నా బోల్ట్ ఒక వర్షాకాలంలో ఒకసారి పక్కకి కదిలింది, గీత ఉంది కాబట్టే అదే రోజు పట్టుకోగలిగా.