వేల్స్‌లో ఇంటి పేరు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

వేల్స్‌కు చెందిన అల్లుడి పూర్వీకుల వివరాలు పుట్టబోయే బిడ్డ కోసం కూర్చాలని కూర్చుంటే మొదటిరోజే వేలకొద్దీ జోన్సులు ఎదురయ్యారని రాశావు. సౌత్ వేల్స్‌లో వైద్యం చేసిన రోజుల్లో మా నర్సమ్మ వంశవృక్షం కోసం నేనూ ఇదే చిక్కులో పడ్డాను కనుక, తెలిసినంత చెబుతాను.

మనకు ఇంటిపేరు తరతరాలుగా మారకుండా వస్తుంది. అక్కడ, ముఖ్యంగా పల్లెల్లో, 18వ శతాబ్దంలో కూడా చాలా కుటుంబాల్లో తండ్రి పేరే కొడుక్కి రెండో పేరయ్యేది. కొడుకు అనే అర్థమిచ్చే 'అప్' కలిసిపోయి అప్ రీస్ ప్రైస్ అయ్యాడు, అప్ హవెల్ పవెల్ అయ్యాడు. జోన్స్ అంటే ఒకప్పటి ఏదో ఒక జాన్ సంతానం, అంతే. అందుకని ఊళ్లో మనిషిని గుర్తుపట్టడానికి వాళ్లు అతని పొలం ఇంటి పేరు చెప్పేవారు. మన ఇంటిపేరులో ఇల్లు ఎప్పుడో మాయమైంది; నువ్వు వెతకవలసింది వాళ్ల అసలైన ఇంటి పేరు.

1837 జూలై 1 నుంచి ప్రభుత్వ నమోదు ఉంది. పెళ్లి సర్టిఫికెట్‌లో ఇద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. పుట్టుక సర్టిఫికెట్‌లో తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. 1851 నుంచి జనాభా లెక్కలు పుట్టిన పారిష్‌ను, అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతాన్ని, చెబుతాయి. 1841 లెక్కల్లో మాత్రం పెద్దవాళ్ల వయసులు చాలావరకు కిందనున్న అయిదు గుణిజానికి తగ్గించి రాసినవి కనుక వాటిని పట్టుకుని వాదించకు.

అక్కడి నుంచి వెనక్కి వెళ్లడానికి అబెరిస్ట్విత్‌లోని వేల్స్ నేషనల్ లైబ్రరీయే నీకు పుట్టిల్లు. 1858కి ముందు వేల్స్ చర్చి కోర్టుల్లో దాఖలైన వీలునామాల అసలు పుటలను అది ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపిస్తుంది. ఒకే పారిష్‌లో ఒకే ఏడు బాప్టిజం పొందిన ఇద్దరు జాన్ జోన్సులలో తప్పు మనిషి వెంట నేను నాలుగు నెలలు తిరిగాను. చివరికి ఒక వీలునామాలో ఆవులు, గొర్రెలు, ఇనుప కుండ, పరుపు అని సాగిన ఆస్తి జాబితా పక్కన పొలం పేరు, కోడలి పేరు కనబడి చిక్కు విడిపోయింది. పొలం పేరు దొరికాక, 1836 చట్టం తర్వాత తయారైన టైద్ (చర్చికి ఇచ్చే పదో వంతు) పటాలు చూడు. ఏ చెక్క ఎవరి సాగులో ఉందో, దాన్ని ఏమని పిలిచేవారో అందులో ఉంటుంది.

చర్చి రిజిస్టర్‌లో బాప్టిజం లేకపోతే బిడ్డే పుట్టలేదనుకోకు. అధికారిక చర్చికి బయటి ప్రార్థనా మందిరాలైన చాపెళ్లకు వెళ్లే కుటుంబాలు అక్కడ ఎక్కువ, వాటి పాత రిజిస్టర్లు చాలావరకు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్టిజం ఇవ్వరు కనుక వాళ్ల విషయంలో పుట్టిన తేదీ కోసం వెతకాలి.

1919 వరకు ఉన్న వేల్స్ పత్రికలను కూడా అదే లైబ్రరీ ఉచితంగా చదవనిస్తుంది. అయితే వెల్ష్ భాషలో కొన్ని మాటల తర్వాత వచ్చే పదం మొదటి అక్షరం మారిపోతుంది: పెన్మాఖ్నో నుంచి అనడానికి 'ఓ బెన్మాఖ్నో' అంటారు. మన సరళాదేశ సంధిలో పకారం బకారమైనట్టే! ఊరి పేరును రెండు రూపాల్లోనూ వెతకకపోతే సగం వార్తలు చేజారతాయి.

ముందుగా అల్లుడి ముత్తాత పెళ్లి సర్టిఫికెట్ నకలు తెప్పించి, అందులో నివాసం అన్న గడిలో ఏం రాసి ఉందో నాకు రాయి.

ఇట్లు,
మీ మావయ్య