టెక్ సందేహాలు: దక్షిణ ఫ్రాన్స్‌లో కారెక్కే ముందు ఫోన్‌లో ఏం సర్దుకోవాలి?

ఈ వేసవిలో ఫ్రాన్స్ వెళ్తున్న పాఠకులు చాలామందే ఉన్నట్టున్నారు. పారిస్ రెండు రోజుల్లో చూసేసి, దక్షిణాన ప్రోవాన్స్ వైపు కారు అద్దెకు తీసుకుని తిరగాలన్నది ఎక్కువమంది ఆలోచన. ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి ఈ వారం శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

నీస్ నుంచి ఆవిన్యోన్‌కి గూగుల్ మ్యాప్స్‌లో దారి అడిగితే మొత్తం హైవేనే చూపిస్తోంది. మూడు గంటల్లో చేరిపోతామట. లోయలు, పాత ఊళ్లు చూద్దామనే కదండీ కారు తీసుకునేది! అందమైన దారి చూపించమని చెప్పే సెట్టింగ్ ఏదైనా ఉందా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

లేదండీ. మ్యాప్ యాప్ మిమ్మల్ని త్వరగా చేర్చాలనే లెక్కలు వేస్తుంది. మీరేమో తీరిగ్గా చేరడానికి వెళ్తున్నారు. ‘హైవేలు వద్దు’ అనే ఆప్షన్ ఉంది కానీ, అది పెట్టినా మిగిలిన రోడ్లలో వేగంగా వెళ్లేదాన్నే ఏరుతుంది. ఆ దారి చాలాసార్లు ఊళ్ల అంచున ఉండే సూపర్‌మార్కెట్లు, గోడౌన్లు, రౌండబౌట్ల మధ్య నుంచి పోతుంది. దానికంటే హైవేనే నయం.

అందుకే దారి మీరే ఎంచుకోండి, యాప్‌ని మీ వెంట నడిపించండి. ఎంచుకోవడానికి నాకు ఇప్పటికీ కాగితం మ్యాపే ఇష్టం. మిషెలిన్ రోడ్ మ్యాపుల్లో చూడదగ్గ రోడ్ల పక్కన ఆకుపచ్చ గీత ఉంటుంది. ఆ గీతలు కలుపుకుంటూ పోతే సగం ప్లాన్ అయిపోయినట్టే. మీ దారిలో అలాంటిది వెర్డోన్ లోయ ఉత్తరపు అంచున వెళ్లే డి952 రోడ్డు. కాస్టెలాన్ నుంచి మూస్తియే దాకా 45 కిలోమీటర్లే, కానీ దానికి ఒక పూట కేటాయించండి. మధ్యలో లా పాలూ అనే ఊరి దగ్గర డి23 రోడ్డు చీలుతుంది. శిఖరాల దారి అంటారు దాన్ని. లోయ అంచు వెంట చుట్టు తిరిగి మళ్లీ అదే ఊరికి తెస్తుంది. కొన్నిచోట్ల నది మీ కాళ్ల కింద 700 మీటర్ల లోతున ఆకుపచ్చ దారంలా కనిపిస్తుంది. 1999 నుంచి అక్కడ మళ్లీ వదిలి పెంచిన రాబందులు రెక్క కదపకుండా మన కంటి ఎత్తులో తేలుతుంటాయి. మన ఊళ్లలో రాబందుని చూసి ఎన్నేళ్లయిందో గుర్తొచ్చి నాకు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

ఈ డి23 దగ్గరే మేము పొరపాటు చేశాం. మూస్తియే వైపు నుంచి వచ్చి, ఊళ్లో కనిపించిన మొదటి మలుపులోనే తిరిగిపోయాం. కొన్ని కిలోమీటర్లు వెళ్లాక ప్రవేశం లేదన్న ఎర్ర బోర్డు ఎదురైంది. ఆ దారిలో కొంత భాగం వన్‌వే. లా పాలూ దాటాక తూర్పున ఉన్న రెండో మలుపు నుంచే ఎక్కాలి. సరిచూద్దామని ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. తెర మీద మ్యాప్ మాయమై, బూడిద రంగు గళ్ల మధ్య నీలం చుక్క ఒక్కటే కదులుతోంది. వెనక్కి తిప్పుకుని వచ్చేసరికి గంట పోయింది.

మీకు ఆ గంట మిగలాలంటే ఇంటి దగ్గరే కంప్యూటర్లో గూగుల్ ‘మై మ్యాప్స్’ తెరవండి. రోజుకో లేయర్ చొప్పున చూడాల్సిన చోట్లు గుర్తుపెట్టుకోండి. ఒక మ్యాప్‌లో 10 లేయర్ల దాకా వస్తాయి. పూర్తయ్యాక కేఎంఎల్ ఫైల్‌గా (మ్యాప్ మీది గుర్తుల్ని దాచే ఫైల్ అది) డౌన్‌లోడ్ చేసి, ఫోన్‌లో ‘ఆర్గానిక్ మ్యాప్స్’ అనే ఉచిత యాప్‌లో తెరిస్తే మీ గుర్తులన్నీ అందులోకి వచ్చేస్తాయి. ప్రోవాన్స్ మ్యాప్ ముందే దించుకుంటే నెట్ లేకపోయినా దారి చెబుతుంది. కంప్యూటర్లో గూగుల్ మ్యాప్స్‌లో నీలం గీతను పట్టి లాగి దారి మార్చుకునేవాళ్లకు ఒక మాట. ఫోన్‌కి పంపినప్పుడు ఆ మార్పు పోయి మళ్లీ హైవే ప్రత్యక్షం కావచ్చు. గీతను లాగే బదులు మధ్యలో ఊరి పేర్లనే స్టాపులుగా చేర్చండి.

వాయిస్ గురించి కూడా చెప్పాలి. తెలుగులో పెట్టుకున్నా, ఇంగ్లిష్‌లో పెట్టుకున్నా ఫ్రెంచ్ ఊరి పేర్లు అది పలికే తీరుకీ బోర్డు మీద రాసి ఉన్నదానికీ పొంతన కుదరదు. పక్క సీట్లో ఉన్నవాళ్లు రోడ్డు నంబర్లు చూసి చెబితే సులువు. ‘ఎ’తో మొదలైతే హైవే, ‘డి’ అయితే జిల్లా రోడ్డు. మన ప్రయాణానికి కావాల్సినవి ఎక్కువగా ‘డి’లే.

రోమింగ్ ప్యాక్ తీసుకోవాలా, ఈ-సిమ్ మంచిదా? బ్యాంకు ఓటీపీలు వస్తాయో రావో అని టెన్షన్‌గా ఉంది. (కాకినాడ)

రెండూ కావాలి, వేర్వేరు పనులకి. డేటా కోసం యూరప్ ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఇన్‌స్టాల్ అయ్యే సిమ్) కొనండి. మీ ఫోన్ దానికి పనికొస్తుందో లేదో తెలియాలంటే *#06# కొట్టి చూడండి. ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని మరో పొడవాటి నంబరు కనిపిస్తే పనికొస్తుందని అర్థం. ఇండియాలో ఉండగానే, ఇంటి వైఫై మీద ఇన్‌స్టాల్ చేసుకోండి. ఎయిర్‌పోర్టులో లగేజీ లాక్కుంటూ చేసే పని కాదది.

మన సిమ్‌ని తీయకండి. బయల్దేరే ముందే దాని మీద ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ సిమ్‌కి డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. అప్పుడు ఓటీపీలు దానికి వస్తాయి, నెట్ ఈ-సిమ్ మీద నడుస్తుంది.

ఏ సిమ్ ఉన్నా వెర్డోన్ లాంటి లోయల్లో సిగ్నల్ పోతుంది. కంగారు పడకండి, జీపీఎస్ పోదు. అది ఉపగ్రహాల నుంచి నేరుగా వచ్చే సిగ్నల్, దానికి డేటా అక్కర్లేదు. పైన చెప్పిన నీలం చుక్క అందుకే కదులుతూ ఉంది. లేనిదల్లా దాని కింద పరవాల్సిన మ్యాప్. దాన్ని దించుకుంటే చాలు.

చాట్‌బాట్‌ని అడిగితే నాలుగు రోజుల ప్లాన్ ఇచ్చింది, పంపిస్తున్నాను. ఆగస్టు చివర్లో వెళ్తున్నాం. నమ్మవచ్చా? (విశాఖపట్నం)

చూశాను. మొదటి రోజు నీస్. రెండో రోజు పొద్దున వెర్డోన్, మధ్యాహ్నం వాలెన్సోల్‌లో లావెండర్ తోటలు, రాత్రికి ఆవిన్యోన్. మూడో రోజు పోన్ ద్యు గార్ వంతెన, కార్కసోన్ కోట. నాలుగో రోజు మార్సెయ్ దగ్గర సూజితోన్ అనే కలాంక్‌లో (కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన ఇరుకైన పాయ) ఈత. కాగితం మీద చక్కగా ఉంది. కానీ ఆగస్టు చివర్లో వాలెన్సోల్ వెళ్తే మీకు కనిపించేది కోసేసిన మోళ్లు. అక్కడ పూత జూన్ మధ్య నుంచి జూలై మధ్య వరకే. ఇంకాస్త ఎత్తున ఉండే సో అనే ఊరి వైపు కొన్నాళ్లు ఎక్కువ నిలుస్తుంది, అదీ ఆగస్టు మొదటి రోజులతో సరి.

రెండో రోజు కారులోనే గడిచిపోతుంది. మూడో రోజు వంతెనకీ కోటకీ మధ్య 200 కిలోమీటర్లు పైనే ఉంది. పోన్ ద్యు గార్ ఆవిన్యోన్‌కి 25 కిలోమీటర్లే. రోమన్లు నీమ్ పట్టణానికి నీళ్లు తీసుకెళ్లడానికి మొదటి శతాబ్దంలో కట్టిన మూడంతస్తుల కట్టడం, 49 మీటర్ల ఎత్తు. దాన్ని పరుగు మీద చూడొద్దండీ. దాని కింద నదిలో పిల్లలు ఈత కొడుతుంటారు, మీరూ మధ్యాహ్నమంతా ఉండండి. కార్కసోన్‌ని ఈసారికి వదిలేయడమే నా సలహా.

ఇక సూజితోన్. వేసవిలో అక్కడికి రోజుకు 400 మందినే పంపుతారు. కలాంక్స్ నేషనల్ పార్క్ సైట్లో ముందుగా పేరు నమోదు చేసుకుని క్యూఆర్ కోడ్ చూపించాలి. డబ్బేమీ అక్కర్లేదు, కానీ కోడ్ లేకపోతే వెనక్కి పంపేస్తారు. పైగా వేసవిలో అడవులు అంటుకునే ప్రమాదం ఎక్కువైన రోజున కొండదారులన్నీ మూసేస్తారు. ముందురోజు సాయంత్రం పార్క్ యాప్ ‘మే కలాంక్స్’లో చూసుకోండి. మీ చాట్‌బాట్ వీటిలో ఒక్కటీ చెప్పలేదు. ఊళ్ల పేర్లు తెచ్చుకోవడానికి దాన్ని వాడండి. తేదీ, దూరం, టికెట్ మాత్రం ఆయా చోట్ల అధికారిక సైట్లలోనే సరిచూసుకోండి.

వీలైతే శనివారాల్లో హైవే ఎక్కకండి. జూలై, ఆగస్టుల్లో ఫ్రాన్స్ సగం దక్షిణానికి కదులుతున్నట్టే ఉంటుంది. ‘బిజోన్ ఫ్యూటే’ అనే ప్రభుత్వ సైట్ ఏ రోజు ఎంత రద్దీ ఉంటుందో రంగుల్లో ముందే చెబుతుంది. నలుపు చూపిస్తే ఆ రోజు ఉన్న ఊళ్లోనే ఉండిపోండి.

రూసియోన్ అనే ఎర్రమట్టి ఊరు వెతికితే మ్యాప్ రెండు మూడు చోట్లు చూపిస్తోంది. ఏది అసలుది? (గుంటూరు)

మన దగ్గర కొత్తపల్లి అని వెతికినట్టే. అయిదంకెల పోస్టల్ కోడ్ చూడండి, మొదటి రెండంకెలే జిల్లా. మీకు కావాల్సిన ఊరిది 84220, అంటే వోక్లూజ్ జిల్లా. 38తో మొదలయ్యే రూసియోన్ ఉత్తరాన ఉన్న వేరే పట్టణం. పెర్పిన్యాన్ చుట్టుపక్కల ప్రాంతాన్నంతా కూడా రూసియోన్ అనే అంటారు. హోటల్ బుక్ చేసేటప్పుడు మరీ జాగ్రత్త. నీస్ పక్కన సముద్రం ఒడ్డున ఉండే విల్‌ఫ్రాన్ష్ కోడ్ 06230. అదే పేరుతో లియోన్ దగ్గరొకటి ఉంది.

డిజిలాకర్‌లో డ్రైవింగ్ లైసెన్స్ ఉంది, ఫారెక్స్ కార్డులో యూరోలు ఉన్నాయి. కారు ఇస్తారా? (వరంగల్)

రెండింటితోనూ ఇబ్బందే. లైసెన్స్ ఒరిజినల్ కార్డు, దానితో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ చేతిలో ఉండాలి. పర్మిట్‌కి పరివాహన్ సారథి సైట్లో దరఖాస్తు చేసుకోవచ్చు, ఏడాది చెల్లుతుంది. డిపాజిట్ కోసం ఎక్కువ కంపెనీలు డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డే అడుగుతాయి. ఫారెక్స్ కార్డు ప్రీపెయిడ్ కాబట్టి కౌంటర్లో కాదనే అవకాశం ఎక్కువ.

మనిషి లేని పెట్రోల్ బంకుల్లోనూ ఇదే చిక్కు. మీరు 40 యూరోలకు పోసుకున్నా మెషిన్ ముందుగా వంద యూరోలు దాటి బ్లాక్ చేయవచ్చు, ఆ డబ్బు వదలడానికి రోజులు పడుతుంది. అక్కడ కూడా క్రెడిట్ కార్డే వాడండి. టోల్ గేటు దగ్గర నారింజ రంగు ‘టి’ గుర్తు ఒక్కటే ఉన్న లేన్‌లోకి వెళ్లకండి, అది మన ఫాస్టాగ్ లాంటి బ్యాడ్జి ఉన్నవాళ్లకి. ఎక్కేటప్పుడు ఇచ్చే టికెట్ పారేసుకుంటే చాలా దూరం నుంచి వచ్చినట్టు లెక్కగట్టి వసూలు చేస్తారు. తీసుకోగానే ఫోన్ కవర్లో పెట్టేయండి.

స్పీడ్ కెమెరాలు చూపించే యాప్ ఏది మంచిది? (బెంగళూరు)

వద్దండీ. కెమెరా ఉన్న చోటును కచ్చితంగా చూపించే యాప్‌లు, పరికరాలు ఫ్రాన్స్‌లో 2012 నుంచి నిషేధం. అక్కడ నడిచే యాప్‌లు ‘ప్రమాద ప్రాంతం’ అని కొంత దూరం మొత్తాన్ని చూపిస్తాయి, అది చట్టబద్ధమే. వేగ పరిమితి హైవే మీద గంటకు 130 కిలోమీటర్లు, వాన పడితే 110. డివైడర్ లేని రోడ్ల మీద చాలాచోట్ల 80. ఇంకో విషయం, డ్రైవర్ చెవిలో ఇయర్‌ఫోన్ ఉన్నా, చేతిలో ఫోన్ ఉన్నా 135 యూరోల జరిమానా. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు చేతిలోకి తీసుకున్నా అంతే. కాబట్టి ఫోన్ హోల్డర్ ఇక్కడి నుంచే తీసుకెళ్లండి. ఛార్జింగే కాకుండా డేటా కూడా పంపగల కేబుల్ ఒకటి వేసుకోండి. అది లేకపోతే చాలా కార్లలో ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్ మ్యాప్‌ని కారు తెర మీద చూపించే యాప్) తెర మీదికి రాదు.

చిన్న డ్రోన్ తీసుకెళ్లవచ్చా? 250 గ్రాముల లోపే. (విజయవాడ)

కెమెరా ఉంటే ఎంత చిన్నదైనా ఆపరేటర్‌గా రిజిస్టర్ చేసుకోవాలి. ఊళ్ల మీద ఎగరేయకూడదు. నేషనల్ పార్కుల్లోనూ వద్దు, కలాంక్స్ అందులోకే వస్తుంది. ఇన్ని ఆంక్షల మధ్య ఈ ప్రయాణానికి దాన్ని ఇంట్లో వదిలేయమనే చెబుతాను.

కారు తిరిగి ఇచ్చేటప్పుడు ఫోన్ పరంగా చేయాల్సింది ఏమైనా ఉందా? (తులూజ్‌లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థిని)

మంచి ప్రశ్న అమ్మా, చాలామందికి తట్టదు. బ్లూటూత్ కలిపినప్పుడు మీ కాంటాక్టులు, కాల్ లిస్ట్ కారు సిస్టమ్‌లోకి వెళ్లి ఉంటాయి. మీరు దిగిన గదుల అడ్రసులు దాని నావిగేషన్‌లో మిగిలి ఉంటాయి. నేను తీసుకున్న ఒక అద్దె కారులో అంతకుముందు వాడినవాళ్ల ఫోన్ పేర్లు ఏడు కనిపించాయి. వాటిలో ఒకదాన్ని నొక్కితే కాంటాక్టుల లిస్ట్ అంతా, ‘మమ్మీ’ అని సేవ్ చేసిన నంబరుతో సహా తెర మీదికొచ్చింది.

తాళం ఇచ్చేముందు, ఇంజన్ ఆన్‌లో ఉండగానే, సెట్టింగ్స్‌లో బ్లూటూత్ డివైజ్‌ల లిస్టుకి వెళ్లి మీ ఫోన్‌ని తీసేయండి. నావిగేషన్ హిస్టరీ తుడిచేయండి. ఫ్యాక్టరీ రీసెట్ ఉంటే అది నొక్కితే ఇంకా మంచిది. తెర ఫ్రెంచ్‌లో ఉంటే ట్రాన్స్‌లేట్ యాప్ కెమెరా దాని మీద పెట్టండి. పార్కింగ్ చాలాసార్లు బేస్‌మెంట్‌లో ఉంటుంది, అక్కడ నెట్ రాదు, ఫ్రెంచ్ ప్యాక్ ముందురోజే దించుకోండి. ఆ తర్వాత పెట్రోల్ ముల్లు, కిలోమీటర్ల రీడింగ్ కనిపించేలా ఒక ఫోటో, కారు చుట్టూ తిరిగి ఒక వీడియో తీసి ఉంచుకోండి. డిపాజిట్ వెనక్కి వచ్చేదాకా వాటిని డిలీట్ చేయకండి.