టెక్ సందేహాలు: పడవ ముక్కు పైకి లేస్తుంటే ఏం చేయాలి?

ప్రశ్న: డాలస్ దగ్గర లూయిస్‌విల్ సరస్సులో చేపలు పట్టడానికి 14 అడుగుల అల్యూమినియం పడవ, 20 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మిత్రుడు ముందు కూర్చుంటే హాయిగా వెళ్తుంది. ఒంటరిగా వెళ్లి వేగం పెంచితే మాత్రం ముక్కు పైకి లేచి ఎదురుగా ఏమీ కనిపించదు. మోటారుకు బిగించే ప్లాస్టిక్ రెక్కలు ఆన్‌లైన్‌లో చూశాను. కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండి. ముందు మనిషి కూర్చుంటే పడవ బాగుందని మీరే చెప్పారు. అంటే తప్పు పడవది కాదు, బరువులు పెట్టిన చోటుది. ఆ మోటారే సుమారు 50 కిలోలు ఉంటుంది. దాని పక్కనే మీరు, మీ కాళ్ల దగ్గర బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు. 23 లీటర్ల ట్యాంకు నిండితే ఒక్క పెట్రోలే 17 కిలోలు. ట్యాంకును, బ్యాటరీని ముందుకు జరపండి, అవసరమైతే పొడవైన పెట్రోలు గొట్టం వేయించండి. అలల కుదుపుకు జారకుండా రెండింటినీ పట్టీలతో గట్టిగా కట్టాలి.

తర్వాత పిన్ను చూడండి. మోటారును పడవ వెనుక పలకకు పట్టి ఉంచే బ్రాకెట్‌లో, కింది వైపు వరుసగా కొన్ని రంధ్రాలు, ఒకదానిలో అడ్డంగా ఒక ఉక్కు పిన్ను ఉంటాయి. నీటిలోకి దిగిన మోటారు కాలు ఈ పిన్ను మీదే ఆనుకుంటుంది. పిన్ను పలకకు దగ్గరి రంధ్రంలో ఉంటే కాలు పడవ కిందికి ముడుచుకుంటుంది. అప్పుడు ప్రొపెల్లర్ తోపుకు వెనుక భాగం లేచి ముక్కు దిగుతుంది. దూరపు రంధ్రంలో ఉంటే ముక్కు లేస్తుంది. మోటారు కోణాన్ని ఇలా సర్దడాన్నే ట్రిమ్ అంటారు. ఖరీదైన మోటార్లలో బటన్ నొక్కితే జరిగే పనిని చిన్న మోటార్లలో చేత్తో చేసుకోవాలి.

ఒక మిత్రుడి పడవలో ఈ పిన్ను మూడో రంధ్రంలో తుప్పు పట్టి ఇరుక్కుపోయి ఉంది. కొన్ననాటి నుంచి దాన్ని ఎవరూ కదపలేదు. నూనె వేసి రాత్రంతా వదిలేసి, మర్నాడు ఒక్క రంధ్రం లోపలికి జరిపాం. గంట తర్వాత సరస్సు మధ్యలో ఆయన మాటిమాటికీ వెనక్కి తిరిగి మోటారు వైపే చూస్తూ కూర్చున్నారు. అదే పడవ అంటే నమ్మకం కుదరలేదు.

పిన్ను మార్చే ముందు ఇంజిన్ ఆపి, మోటారును పైకి ఎత్తి లాక్ చేయాలి. ఒక్కోసారి ఒక్క రంధ్రమే జరపండి. ఫోనులో జీపీఎస్ స్పీడోమీటర్ యాప్ పెట్టుకుని, అదే బరువుతో, అదే దారిలో, గాలికి ఎదురుగా ఒకసారి, గాలి వీచే వైపుకు ఒకసారి నడిపి రెండు వేగాల సగటు రాసుకోండి. కొలతతో పాటు పడవ పక్కలకు చిమ్మే నీటినీ గమనించండి. ముక్కు మరీ దిగితే నీరు ముందు నుంచే చిమ్ముతుంది, హ్యాండిల్ బరువెక్కి చెయ్యి లాగుతుంది. సరైన చోట ఆ చిమ్ము పడవ సగం దాటి వెనక్కి జరుగుతుంది, హ్యాండిల్ చేతిలో తేలికవుతుంది. ఇంకా బయటికి జరిపితే పడవ డాల్ఫిన్‌లా లేచి పడుతూ పోతుంది. మలుపుల్లో ప్రొపెల్లర్ గాలి పీల్చి ఇంజిన్ రొద పెరుగుతుంది కానీ వేగం పడిపోతుంది. అక్కడి నుంచి పిన్నును ఒక రంధ్రం లోపలికి జరపండి.

సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి ఇంకొకటి తప్పక చూడాలి. ప్రొపెల్లర్‌కు పైన అడ్డంగా ఉండే పలక పడవ అడుగుతో సమానంగానో, అంగుళం లోపు పైకో ఉండాలి. 15 అంగుళాల వెనుక పలకకు 20 అంగుళాల కాలున్న మోటారు తగిలిస్తే అది నీళ్లలో మరీ లోతుకు దిగుతుంది. అప్పుడు ఎన్ని రంధ్రాలు మార్చినా ప్రయోజనం ఉండదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ముక్కు లేస్తుంటే, హ్యాండిల్‌కు పొడిగింపు గొట్టం తగిలించి మీరే మధ్య బల్ల మీదికి జరగండి. ప్లాస్టిక్ రెక్కల్లో చాలా రకాలను బిగించాలంటే ప్రొపెల్లర్ పైనున్న పలకకు రంధ్రాలు చేయాల్సి వస్తుంది. వాటిని చివరికి వదిలేయండి.

ఒక మాట బతిమాలి చెబుతున్నాను. ఇంజిన్ ఆపే స్విచ్ తాడును ఒంటికి తగిలించుకోకుండా ఈ పరీక్షలు చేయకండి. ఒంటరిగా ఉన్నప్పుడు నీళ్లలో పడితే పడవ మిమ్మల్ని వదిలి వెళ్లిపోతుంది, లేదా గిరగిరా తిరిగి మీ మీదికే వస్తుంది. ఆ స్విచ్ ఉన్న 26 అడుగుల లోపు పడవలు వేగంగా వెళ్తున్నప్పుడు తాడు తగిలించుకోవాలని అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుంచి చట్టం కూడా ఉంది.

ప్రశ్న: కాకినాడ తీరంలో మాది ఫైబర్ బోటు, 9.9 హార్స్‌పవర్ మోటారు. పిన్ను మారిస్తే వేగం పెరుగుతుందా?

జవాబు: పెద్దగా పెరగదు. వలలు, ఐసు, మనుషులతో నిండిన బోటును నీటి మీదికి లేపి పరిగెత్తించే బలం ఆ మోటారుకు ఉండదు. మీ బోటు నీటిని చీల్చుకుంటూ పోయేదే. నిండు బరువుతో వెళ్తున్నప్పుడు మోటారు కాలు నిట్టనిలువుగా ఉండే రంధ్రం ఎంచుకోండి. తోపు నేరుగా వెనక్కే పోతుంది, ఇంధనం వృథా కాదు. వలల బరువు ఒక పక్కకు ఒరగకుండా సర్దుకోవడం మీకు ఇంతకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ప్రశ్న: నా పడవ ఎప్పుడూ కుడివైపుకే లాగుతోంది.

జవాబు: ప్రొపెల్లర్‌కు పైనున్న పలక కింద చేప రెక్కలాంటి చిన్న ముక్క చాలా మోటార్లకు ఉంటుంది. దాని బోల్టు వదులు చేసి, వెనుక అంచును కుడివైపుకే కొద్దిగా తిప్పి బిగించండి. పడవ ఎటు లాగితే అటే తిప్పాలి. చాలా మోటార్లలో ఆ ముక్క తాను కరిగిపోతూ మిగతా లోహాన్ని ఉప్పునీటి తినివేత నుంచి కాపాడుతుంది, కనుక దానికి రంగు వేయకండి.